ఆనకట్టల తొలగింపు: నదికి, వలస చేపలకు మళ్లీ దారి

నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఉపయోగం తీరిపోయినా, శిథిలమై ప్రమాదకరంగా మారినా, దానివల్ల లాభం కంటే నష్టమే ఎక్కువని తేలినా, దాన్ని పూర్తిగానో కొంతమేరకో తీసేసి ఏటిని మళ్లీ పారనివ్వడాన్ని ఆనకట్టల తొలగింపు అంటారు. అమెరికాలో ఇప్పటిదాకా రెండు వేలకు పైగా ఆనకట్టలను ఇలా తీసేశారు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవి. ఒకప్పుడు పిండిమరలు, కలప మిల్లులు, బట్టల మిల్లులు నడపడానికి కట్టినవి. మిల్లులు మూతపడ్డాక పట్టించుకునే నాథుడు లేక ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నవి. పెద్ద జలవిద్యుత్ ఆనకట్టలను నది కోసం, చేపల కోసం తొలగించడం మాత్రం 1999 తర్వాతే ఊపందుకుంది.

ఆనకట్టకు ఆయుష్షు ఉంటుంది. కాంక్రీటు బీటలు వారుతుంది, తలుపులు తుప్పుపడతాయి. అంతకంటే ముందే జలాశయం పూడుకుపోతుంది. నది ఏటా మోసుకొచ్చే ఇసుక, ఒండ్రు, గులకరాళ్లు గోడ వెనకే ఆగిపోయి మేట వేస్తాయి. పైన మేట పెరిగే కొద్దీ దిగువన కొరత పెరుగుతుంది. ఇసుక అందని నది తన అడుగునే కోసుకుంటుంది, ఒండ్రు అందని సముద్రతీరం కోతకు గురవుతుంది. కట్టిన నాటి లెక్కల్లో ఈ నష్టానికి చోటు లేదు. తొలగింపు చర్చ ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి ఆగేది ఈ లెక్క దగ్గరే.

చేపకు కలిగే నష్టం

సాల్మన్ చేప కొండవాగులో గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి బయటికొస్తుంది. కొన్ని నెలలు, కొన్ని రకాలైతే ఏడాదికి పైగా మంచినీటిలో పెరిగి సముద్రంలోకి దిగుతుంది. అక్కడ బలిసి, పుట్టిన వాగు వాసన పట్టుకుని తిరిగి నదిలోకి ఎక్కుతుంది. ఎదురీదే ఆ ప్రయాణంలో పసిఫిక్ సాల్మన్లు మేత ముట్టవు. గుడ్లు పెట్టి అక్కడే చనిపోతాయి. సముద్రంలో సంపాదించిన పోషకాలన్నీ అలా కొండవాగు ఒడ్డున ఉన్న ఎలుగుబంటికి, పురుగుకు, చెట్టుకు చేరతాయి. మలుగుపాముది దీనికి నేరుగా వ్యతిరేకమైన దారి. అది సముద్రంలో పుట్టి నదిలో పెరుగుతుంది. ఏ దారిలో పోయే చేపకైనా మధ్యలో గోడ వస్తే కథ ముగిసినట్టే.

అడ్డం గోడ ఒక్కటే కాదు. నిలవనీరు ఎండకు వేడెక్కుతుంది, నాచు పడుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. గుడ్లు పెట్టడానికి కావలసిన గులకరాళ్లు దిగువకు రావు. సముద్రానికి దిగే పిల్లలు నిలవనీటిలో దారి తెలియక ఆలస్యమై పెద్ద చేపల నోట పడతాయి, లేదా టర్బైన్లలో చిక్కుకుంటాయి. ప్రపంచంలో లెక్కకు అందిన మంచినీటి వలస చేపల సంఖ్య 1970 నుంచి 2020 దాకా సగటున 81 శాతం పడిపోయిందని 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా చెప్పింది. వేట, కాలుష్యం కూడా దీనికి కారణాలే. అయినా ఆవాసం ముక్కలైపోవడం వాటి పక్కనే నిలిచే పెద్ద కారణం.

గోడకు పక్కగా మెట్లు మెట్లుగా నీటి తొట్లు కట్టి చేపలను ఎక్కించే ఏర్పాటు ఉంది. దాన్నే ఫిష్ ల్యాడర్ అంటారు. ఎగిరి దూకగల సాల్మన్‌కు అది కొంత పనికొస్తుంది. దూకలేని షాడ్ లాంటి చేపలకు, అడుగున పాకే స్టర్జన్‌కు చాలాచోట్ల అక్కరకు రాలేదు. ఎక్కిన చేప సంగతి అలా ఉంచితే, దాని పిల్లలు మళ్లీ దిగడం ఇంకో సమస్య. అందుకే ల్యాడర్ ఉందనగానే దారి ఉందని చెప్పలేం.

కెనెబెక్: లైసెన్సు నిరాకరించిన తొలి సందర్భం

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, ఆగస్టా పట్టణం దగ్గర, కెనెబెక్ నదిపై 1837లో ఎడ్వర్డ్స్ ఆనకట్ట కట్టారు. కట్టాక కొన్నాళ్లకే ఎగువన సాల్మన్, షాడ్ వేట పడిపోయింది. 20వ శతాబ్దం చివరికి ఆ ఆనకట్ట ఇచ్చే కరెంటు 3.5 మెగావాట్లు మాత్రమే. అక్కడ జలవిద్యుత్ కేంద్రాలకు ప్రభుత్వం నిర్ణీత కాలానికి లైసెన్సు ఇస్తుంది, గడువు తీరితే మళ్లీ అడగాలి. 1997 నవంబరులో కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్ ఈ ఆనకట్టకు లైసెన్సు పొడిగించడానికి నిరాకరించి, తొలగించమని ఆదేశించింది. యజమాని ఇష్టానికి వ్యతిరేకంగా అలాంటి ఆదేశం రావడం అదే మొదటిసారి.

1999 జులై 1న గంట మోగగానే ఎక్స్‌కవేటర్ తాత్కాలిక మట్టికట్టకు గండి కొట్టింది. 162 ఏళ్ల తర్వాత నది తెగిన చోట అతుక్కుంది. మరుసటి వసంతానికే ఏల్‌వైఫ్ అనే హెర్రింగ్ జాతి చేపలు, చారల బాస్ చేపలు పైకొచ్చాయి. 2008లో ఉపనది సెబాస్టికుక్ మీద ఉన్న ఫోర్ట్ హాలిఫాక్స్ ఆనకట్టను కూడా తీసేశాక ఆ నదికి వచ్చే ఏల్‌వైఫ్‌లను లక్షల్లో లెక్కపెడుతున్నారు. వాటి వెంట గద్దలు వచ్చాయి. అయితే అట్లాంటిక్ సాల్మన్ ఆ స్థాయిలో కోలుకోలేదు. దాని గుడ్ల తావులు ఇంకా పైన, మరో నాలుగు ఆనకట్టల అవతల ఉన్నాయి. ఒక్క గోడ తీస్తే నది మొత్తం తిరిగి రాదని కెనెబెక్ అప్పుడే చూపించింది.

ఎల్వా

తొలగింపు గురించి శాస్త్రానికి ఇవాళ తెలిసినదానిలో పెద్ద వాటా వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిదే. ఒలింపిక్ పర్వతాల మంచులో పుట్టి 72 కిలోమీటర్లు పారి సముద్రంలో కలిసే చిన్న నది ఇది. అందులో అయిదు రకాల పసిఫిక్ సాల్మన్లూ ఉండేవి. ఒక్కో చినూక్ సాల్మన్ 45 కిలోలు తూగేదని చెప్పుకుంటారు. 1913లో థామస్ ఆల్డ్‌వెల్ అనే వ్యాపారి సముద్రానికి 8 కిలోమీటర్ల ఎగువన 33 మీటర్ల ఎల్వా ఆనకట్ట కట్టించాడు. ఏడాది ముందే దాని పునాది ఒకసారి కొట్టుకుపోయింది. చేపలకు దారి వదలాలని 1890 నాటి రాష్ట్ర చట్టం స్పష్టంగా చెబుతున్నా దారి వదల్లేదు. బదులుగా చేపపిల్లల కేంద్రం కట్టిస్తామన్నారు. దాన్ని 1922లో వదిలేశారు. 1927లో మరింత ఎగువన 64 మీటర్ల గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట లేచింది. ఏడాదికి దాదాపు నాలుగు లక్షల సాల్మన్లు వచ్చేవని అంచనా వేసిన నదిలో చివరికి మిగిలినవి కొన్ని వేలు.

ఈ నష్టాన్ని మోసినవాళ్లు నది ముఖద్వారాన బతికే లోయర్ ఎల్వా క్లాలం తెగ ప్రజలు. 1855 ఒప్పందంలో తమ భూములు వదులుకుంటూ చేపల వేట హక్కును మాత్రం అట్టేపెట్టుకున్న జాతి వారిది. చేపలే లేకపోతే ఆ హక్కుకు అర్థం ఏముంటుంది? తెగ సృష్టిగాథలో మొదటి మనుషులు పుట్టిన పవిత్ర స్థలం కూడా జలాశయం అడుగున మునిగిపోయింది. ఆనకట్టలు పోవాలని ఏళ్ల తరబడి పట్టుపట్టింది వాళ్లే. పర్యావరణ సంఘాలు తర్వాత తోడయ్యాయి. 1992లో అమెరికా కాంగ్రెస్ ఎల్వా పునరుద్ధరణ చట్టం చేసింది. 2000లో ప్రభుత్వం రెండు ఆనకట్టలనూ 2.95 కోట్ల డాలర్లకు కొన్నది. అయినా పని మొదలయ్యేసరికి 2011 సెప్టెంబరు వచ్చింది. ఎల్వా ఆనకట్ట 2012 మార్చికి, గ్లైన్స్ కాన్యన్ 2014 ఆగస్టుకు పోయాయి. మొత్తం పథకానికి దాదాపు 32.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

నీళ్లు దిగుతుంటే జలాశయాల అడుగున వందేళ్ల కిందటి అడవి బయటపడింది. కొట్టేసిన పెద్ద దేవదారు చెట్ల మొదళ్లు బురదలో నిలబడే ఉన్నాయి. కలప కొట్టేవాళ్లు పలకలు దోపుకుని, వాటిపై నిలబడి రంపం లాగడానికి చెక్కిన గాట్లు ఆ మొదళ్ల మీద చెక్కుచెదరలేదు. పవిత్ర స్థలం కూడా 2012లో తేలింది. తెగ పెద్దలు వెళ్లి దాన్ని చూడగలిగారు.

పూడికే అసలు పరీక్ష. రెండు జలాశయాల్లో కలిపి రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక, మట్టి, రాళ్లు ఉన్నాయి. అది ఒక్కసారిగా విరుచుకుపడకుండా గోడలను అంచెలంచెలుగా కోశారు. చేపలు ఎక్కే నెలల్లో పని ఆపారు. అయినా 2012 శరత్కాలంలో దిగువనున్న నీటి శుద్ధి కేంద్రం ఆకులు, చెత్త, బురదతో పూడుకుపోయింది, దాన్ని బాగుచేసేదాకా గ్లైన్స్ దగ్గర పని దాదాపు ఏడాది నిలిచిపోయింది. మొదటి అయిదేళ్లలో సుమారు 2 కోట్ల టన్నుల పూడిక కదిలింది, అందులో 90 శాతం సముద్రాన్ని చేరింది. అంతదాకా కోతకు గురవుతున్న నదీముఖంలో కొత్త ఇసుకమేటలు, తిన్నెలు, చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. పీతలు, చిన్న చేపలు అక్కడ కాపురం పెట్టాయి. బట్టబయలైన జలాశయ నేలల్లో స్థానిక మొక్కలను చేత్తో నాటారు. ముతక ఇసుక మీద ఏమీ మొలవదేమోనని భయపడితే, గాలిలోని నత్రజనిని నేలకు పట్టించే లూపిన్ మొక్క అక్కడే బాగా అల్లుకుంది.

చేపల సంగతికొస్తే, ఎల్వా ఆనకట్ట పోయిన ఏడాదే చినూక్‌లు పాత గోడ దాటి పైకెళ్లాయి. ఎండాకాలంలో సముద్రం నుంచి నదికెక్కే ట్రౌట్ రకం స్టీల్‌హెడ్ తిరిగి రావడం మరింత విశేషం. ఆ రకం నదిలో అంతరించిందనే అనుకున్నారు. గోడల వెనక చిక్కుకుని నూరేళ్లు మంచినీటి ట్రౌట్‌గా బతికిన చేపల సంతతిలో సముద్రానికి పోయే గుణం చావలేదు, దారి తెరుచుకోగానే బయటపడింది. నీటిలో మునిగి పురుగులు ఏరుకు తినే డిప్పర్ అనే చిన్న పిట్ట రక్తంలో శాస్త్రవేత్తలు సముద్ర పోషకాల జాడ వెతికారు. సాల్మన్ చేరగలిగే చోట్ల ఉన్న పిట్టల్లో ఆ జాడ ఎక్కువగా ఉంది. అవి మెరుగ్గా బతుకుతున్నాయి, ఒకే ఏడాది రెండుసార్లు పిల్లలు చేసే అవకాశమూ వాటికే ఎక్కువ.

ఇంత జరిగినా వేటను తెరవడానికి తొందరపడలేదు. 2011లో విధించిన నిషేధం పన్నెండేళ్లు కొనసాగింది. 2023 అక్టోబరులో తెగవారు తమ నదిలో కోహో సాల్మన్లను పరిమితంగా, ఇంటి అవసరాలకు, పూజలకు పట్టుకున్నారు. చినూక్‌లు ఇంకా ఆశించిన సంఖ్యకు చేరలేదు.

క్లామత్: నాలుగు ఆనకట్టలు

ఓరెగాన్‌లో పుట్టి కాలిఫోర్నియా గుండా పసిఫిక్‌లో కలిసే క్లామత్ నది, సాల్మన్ రాకలో ఒకప్పుడు అమెరికా పశ్చిమ తీరాన కొలంబియా, శాక్రమెంటోల తర్వాతి స్థానంలో ఉండేది. 1918లో పూర్తయిన కోప్కో-1 మొదలుకొని 1960ల్లో ఐరన్ గేట్ దాకా నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలు ఆ నదిని కోశాయి. జలాశయాల్లో ఎండాకాలం విషపు నాచు పెరిగేది. 2002 సెప్టెంబరులో వెచ్చని, తక్కువ నీటిలో రోగం పాకి వేల కొద్దీ సాల్మన్లు దిగువ నదిలో చచ్చి తేలాయి. తక్కువలో తక్కువ అంచనా 30 వేల పైమాటే. యూరోక్ తెగ ఊళ్లలో ఆ కంపు, ఆ దృశ్యం చూసిన పిల్లలు పెద్దయ్యాక ఉద్యమానికి ముందు నిలిచారు.

ఆ ఉద్యమం సాగిన తీరు నేర్చుకోదగినది. యూరోక్, కారుక్, హూపా, క్లామత్ తెగల ప్రతినిధులు ధర్నాలతో ఆగలేదు. ఆనకట్టల యజమాని పసిఫికార్ప్ అప్పట్లో ఒక స్కాట్లాండు కంపెనీ చేతిలో ఉంటే 2004లో ఎడిన్‌బరో వెళ్లి వాటాదారుల ముందే మాట్లాడారు. తర్వాత అది వారెన్ బఫెట్ సంస్థ కిందికి వెళితే ఆ సంస్థ కొలువున్న ఒమాహా వెళ్లారు. 2006లో లైసెన్సు గడువు తీరింది. పొడిగించాలంటే నాలుగింటికీ చేపల దారులు కట్టక తప్పదని ప్రభుత్వ శాఖలు తేల్చాయి. అందుకయ్యే ఖర్చు కంటే కూల్చడమే చవకని లెక్క తేలాక కంపెనీ దారికొచ్చింది. ఆ నాలుగూ కలిసి ఇచ్చేది కంపెనీ మొత్తం విద్యుత్తులో 2 శాతం లోపే. అయినా 2010 ఒప్పందం కాంగ్రెస్‌లో మూలన పడింది, 2016లో మార్చి రాసుకున్నారు, తుది అనుమతి 2022 నవంబరులో వచ్చింది. 45 కోట్ల డాలర్ల నిధిలో 20 కోట్లు విద్యుత్ వినియోగదారుల నుంచి, మిగతాది కాలిఫోర్నియా బాండ్ల నుంచి వచ్చింది.

చిన్నదైన కోప్కో-2 2023లో, మిగతా మూడూ 2024లో పోయాయి. ప్రపంచంలో ఇంతవరకు జరిగిన అతిపెద్ద తొలగింపు ఇదే. ఆ నాలుగు చోట్లా నది 2024 శరత్కాలంలో పూర్తిగా తెరుచుకుంది. అక్టోబరు 16న, అంటే పని ముగిసిన కొద్ది రోజులకే, ఓరెగాన్‌లో ఆ నాలుగింటిలో అన్నిటికంటే ఎగువనున్న పాత ఆనకట్ట స్థలం దాటి చినూక్ సాల్మన్ కనిపించింది. 1912 తర్వాత అక్కడికి ఆ చేప రావడం అదే మొదలు. జలాశయం కింద మునిగిన 2,800 ఎకరాలను శాస్తా తెగకు తిరిగి ఇస్తామని కాలిఫోర్నియా ప్రకటించింది. 2025 వేసవిలో తెగల పిల్లలు నది పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా కాయక్‌లలో వచ్చారు.

పూడిక, విషం, తొందరపాటు

తొలగింపులో పద్ధతి కంటే ముఖ్యం పూడికలో ఏముందో తెలియడం. హడ్సన్ నదిపై ఫోర్ట్ ఎడ్వర్డ్ ఆనకట్టను 1973లో సరైన పరీక్ష లేకుండా తీసేస్తే, వెనకున్న బురదతో పాటు ఫ్యాక్టరీలు వదిలిన పీసీబీ రసాయనాలు దిగువకు కొట్టుకొచ్చాయి. ఆ పాపం కడగడానికి దశాబ్దాలు పట్టింది. అందుకే మోంటానాలో, ఆర్సెనిక్, రాగి కలిసిన గనుల మురికి పేరుకున్న మిల్‌టౌన్ ఆనకట్టను 2008లో తొలగించేటప్పుడు విషపు మట్టిని తవ్వి రైళ్లలో తరలించారు. పూడిక శుభ్రమైనదైతే వేగంగానూ వదలవచ్చు. వాషింగ్టన్‌లోని కాండిట్ ఆనకట్ట అడుగున సొరంగం తొలిచి 2011 అక్టోబరులో పేల్చారు, రెండు గంటల లోపే జలాశయం ఖాళీ అయింది.

క్లామత్‌లోనూ దెబ్బలు తగిలాయి. 2024 ఫిబ్రవరిలో చేపపిల్లల కేంద్రంలో పెంచిన చినూక్ పిల్లలను నదిలో వదిలితే, ఇంకా తీయని ఐరన్ గేట్ సొరంగం గుండా వెళుతూ నీటి ఒత్తిడి మార్పులకు పెద్దసంఖ్యలో చనిపోయాయి. జలాశయం ఒడ్డున ఇళ్లు కట్టుకున్నవాళ్లకు సరస్సు పోయి బురదనేల మిగిలింది. ఆ ఇళ్లున్న జిల్లా ఓటర్లలో అత్యధికులు 2010లోనే తొలగింపు వద్దన్నారు. నది తెగలదన్నదీ నిజమే, ఒడ్డున బతికేవాళ్ల బాధా నిజమే. ముందుగా మాట్లాడుకుని పరిహారం తేల్చుకున్న చోటే ఈ పనులు సజావుగా సాగాయి.

ఐరోపా, జపాన్

ఐరోపా నదులపై కనీసం 12 లక్షల అడ్డుకట్టలు ఉన్నాయని 2020లో ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో అధిక శాతం మనిషి ఎత్తుకు మించని చిన్న కట్టలు. ఫ్రాన్స్‌లో సెల్యూన్ నదిపై 36 మీటర్ల వెజాన్ ఆనకట్టను 2019-20ల్లో, దాని దిగువనున్నదాన్ని తర్వాత తొలగించారు. 2030 నాటికి కనీసం 25 వేల కిలోమీటర్ల నదులను అడ్డులేకుండా పారనివ్వాలని 2024 నాటి ఐరోపా సమాఖ్య చట్టం లక్ష్యం పెట్టింది. జపాన్‌లో కుమా నదిపై అరసే ఆనకట్ట తొలగింపు 2012 నుంచి 2018 దాకా జరిగింది.

గోదావరి విషయంలో

తెలుగువారికి వలస చేప అంటే పులసే. వరద ఎర్రనీరు సముద్రంలోకి దిగగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదే ఈ చేప, కెనెబెక్‌కు తిరిగొచ్చిన షాడ్, ఏల్‌వైఫ్‌ల లాగే హెర్రింగ్ బృందానిది. పుస్తెలమ్మైనా తినాలని సామెత పుట్టిన చేప ఏటేటా తగ్గిపోతోందని యానాం నుంచి రాజమహేంద్రవరం దాకా ఏ మత్స్యకారుణ్ని అడిగినా చెబుతాడు. గంగలో ఇదే చేపకు 1975లో ఫరక్కా బ్యారేజీ అడ్డుపడింది, అంతకుముందు అది అలహాబాదు దాటి ఆగ్రా దాకా వెళ్లేది.

నదికి అడ్డం కడితే చేపకు నష్టమన్న సంగతి మన దగ్గర కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, 1860ల్లో ఇలాంటి కట్టలు గుడ్లు పెట్టడానికి వచ్చే చేపలను ఆపి తీరప్రాంత చేపల వేటను దెబ్బతీస్తాయేమోనని ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. దాని మీదే ఫ్రాన్సిస్ డే దేశమంతా తిరిగి పరిశీలించి 1873లో నివేదిక ఇచ్చాడు. కట్టినవాడే అడిగిన ప్రశ్న అది.

ఇక్కడ తొలగింపు మాట తేవడం తప్పు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ధవళేశ్వరం బ్యారేజీ పది లక్షల ఎకరాలకు పైగా నీరిస్తోంది, కోనసీమ, పశ్చిమ డెల్టాల కడుపు నింపుతోంది. ఎల్వాలో లాగ ఉపయోగం తీరిన కట్ట కాదు. కానీ దేశంలో నూరేళ్లు దాటిన పెద్ద ఆనకట్టలు రెండు వందలకు పైగా ఉన్నాయి. 2021 ఆనకట్టల భద్రత చట్టం వాటి పటిష్ఠతను పరీక్షించమంటోంది. ఆ పరీక్షలోనే, ఏది ఇంకా పనిచేస్తోంది, ఏది పూడికతో నిండి పేరుకే మిగిలింది, దాని వెనక ఏ చేప ఆగిపోయింది అన్నదీ రాసుకోవాలి. పోలవరం స్పిల్‌వేలో పులస కోసం ఫిష్ ల్యాడర్ కట్టారు, మంచిదే. అయితే పులస అక్కడికి చేరాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి. అందుకే ఆ 175 గేట్లను వరద మొదలయ్యే వారాల్లో ఏ వరసలో, ఎంత ఎత్తున తెరవాలో నిర్ణయించేటప్పుడు నీటిపారుదల ఇంజినీర్ల పక్కన మత్స్యశాఖ వాళ్లనూ, ఆ రేవుల్లో వల వేసే మత్స్యకారులనూ కూర్చోబెట్టాలి.